కుడిపక్క స్తూపం

కారు ఆగగానే ఐలన్న దిగి, ముందునుంచి చుట్టూ తిరిగొచ్చి, వెనక ఎడమ తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. వెనక సీట్లో భార్య మొగులమ్మ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా ఒక్కటే ఉంది. అది దిగేది కాదు.

"థూ, నీ అలవాటు మన్నువడ!" అని తనను తానే తిట్టుకుని తలుపు వేశాడు. ఎవరైనా చూశారేమోనని గేటు దిక్కు చూశాడు. గురువారం పదింటికి బుద్ధుల గుట్ట దగ్గర చూసేవాళ్లెవరుంటారు? రెండు మేకలున్నాయి, అవి కూడా తమ పనిలో ఉన్నాయి.

భానూరు దగ్గరి ఒక కంపెనీలో ఇరవై ఆరేళ్లు గెస్టుల కారు నడిపి, పోయిన నెలే రిటైరైన మనిషి ఐలన్న. ఈ తెల్లకారు కూడా ఆ కంపెనీదే. పాతబడిందని అమ్మేస్తుంటే తనే తీసుకున్నాడు. "ముసలోనికి ముసలి బండి, మంచి జోడు కుదిరింది," అంది మొగులమ్మ. ఎవరూ పంపకుండా, ఎవరినీ ఎక్కించుకోకుండా, బండి వేసుకుని తిరగడానికి బయల్దేరడం అతనికి పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. సింగూరు డ్యాము చూస్త, జోగిపేటల రూము తీసుకుంట, రెండు దినాలు గెస్టు సార్ల లెక్క తిరిగొస్త అని ఇంట్లో చెప్పాడు. బుద్ధుల గుట్ట పేరు మాత్రం ఎత్తలేదు.

ఎత్తితే ఇజ్జత్ పోతుంది. ఎందుకంటే ఐలన్న బుద్ధుల గుట్టను వందసార్లు చూశాడని భానూరంతా ఎరుక. పెళ్లిళ్లలో, చావుల్లో, హోటల్ బెంచీ మీద, ఎక్కడ నలుగురు దొరికినా అతను ఆ కథ ఎత్తుకునేవాడు. గుట్ట మీద ఇటుకల స్తూపం ఎంత వెడల్పో, సన్యాసుల గదులు ఎన్నున్నాయో, వాన నీళ్లు ఏ మోరీలోంచి ఏ తొట్టిలోకి పోయేవో, అన్నీ చెప్పేవాడు. "ఈ కండ్లతోని చూసిన," అనేవాడు.

చూడలేదు. వందసార్లు వచ్చిన మాట నిజం. వచ్చిన ప్రతిసారీ గేటు బయట రేకుల షెడ్డు వరకే. గేటు పక్కన నీలం బోర్డు మీద తెల్లటి అక్షరాలు ఇప్పటికీ అట్లాగే ఉన్నాయి: 'డ్రైవర్లు వాహనముల వద్దనే ఉండవలెను.' లోపలి సంగతులన్నీ తిరుగు ప్రయాణంలో గెస్టులు మాట్లాడుకుంటుంటే చెవిన వేసుకున్నవి.

ఇన్నాళ్లూ దానితో ఏ ఇబ్బందీ రాలేదు. పోయిన ఆదివారం వచ్చింది. అతని కూతురు అరుణ పటేల్‌గూడ బడిలో టీచరు. "నాయినా, శనివారం మా ఆరో తరగతి పిల్లలను బుద్ధుల గుట్టకు తీసుకపోతున్నం. గైడెందుకు, నువ్వే చూపెట్టు. మా హెడ్మాస్టర్‌కు గూడ చెప్పేసిన," అంది.

"నాకు ఇడిసిపెట్టు బిడ్డా. కండ్లు మూసుకోని చూపెడ్త," అన్నాడు ఐలన్న. అనేశాక ఆ రాత్రి అన్నం సహించలేదు.

అందుకే ఈ గురువారం. శనివారానికి ముందు ఎట్లాగైనా ఒక్కసారి లోపలికి పోయి చూసి రావాలి. ఏముంది అందులో? గేటు దాటాలి, మెట్లెక్కాలి. చిన్నపిల్లలు కూడా చేసే పని.

అయితే ముందు బండిని నీడలో పెట్టాలి. ఒంటిగంటకు ఎండ ఎటు తిరుగుతుందో లెక్క కట్టి, ముక్కు రోడ్డు వైపు ఉండేట్టు వెనక్కి తీసి పెట్టాడు. అద్దం మీద దుమ్ము కనిపించింది. తుడిచాడు. ఒక అద్దం తుడిచాక తక్కినవి తుడవకుండా ఉంటే అసహ్యం. అవీ తుడిచాడు. గుడ్డ పిండి వైపరు మీద ఆరేసేసరికి కాళ్లు వాటంతటవే షెడ్డులోకి నడిచాయి. సిమెంటు తిన్నె మీద కూర్చున్నాక గానీ అతనికి తెలియలేదు.

అప్పుడే చంద్రకాంత్ వచ్చాడు. పదిహేనేళ్లుగా ఆ గేటు దగ్గర టికెట్లు చించేది అతనే. టీ తాగడానికి పోయి వస్తున్నాడు.

"ఐలన్నా! మస్తు దినాలాయె. మీ సార్లు లోపలికి పోయిండ్రా?"

ఎవరూ లేరు, నేనే వచ్చిన అనాలి. నోటి దాకా వచ్చింది. కానీ ఇరవై ఆరేళ్లలో ఆ ప్రశ్నకు ఐలన్న ఇచ్చిన జవాబు ఒక్కటే.

"ఆ, పోయిండ్రు," అన్నాడు.

ఇగ అయిపోయింది. సార్లు లోపల ఉన్నప్పుడు డ్రైవర్ లోపలికి ఎట్ల పోతాడు? మధ్యాహ్నం మొగులమ్మ పెట్టిన జొన్నరొట్టె, పుంటికూర షెడ్డులోనే తిన్నాడు. మూడింటికి చంద్రకాంత్ వచ్చి, "మీ సార్లు జెర ఎక్కువనే చూస్తున్నట్టుండ్రు," అన్నాడు. "సదువుకున్నోళ్లు గదా," అన్నాడు ఐలన్న. నాలుగున్నరకు అలవాటు కొద్దీ లేచి, కారు తలుపులు నాలుగూ తెరిచి వేడి పోనిచ్చాడు. అయిదింటికి చంద్రకాంత్ తాళం చేత్తో పట్టుకుని గుట్ట మీదికి చూస్తూ, "ఎవ్వరు కనిపిస్తలేరే?" అన్నాడు.

"ఫోన్ చేసిండ్రు. ఎనుక దిక్కు గుట్ట దిగి తొవ్వ మీద నిలబడ్డరట. ఎక్కించుకుంట," అని ఐలన్న కారెక్కి పోయాడు. ఎవరో తరుముతున్నట్టు జోగిపేట దాకా ఎక్కడా ఆపలేదు. సిగ్గుతో చెవులు మండిపోయాయి.

శుక్రవారం తెల్లారి లాడ్జి అద్దంలో చూసుకుంటే అసలు విషయం అర్థమైంది. తెల్లచొక్కా, తెల్లప్యాంటు, జేబులో తుడుచుకునే గుడ్డ కొస. ఊరికి పోతున్నాడని మొగులమ్మ ఉన్నవాటిలో మంచివి సర్దింది. ఉన్నవన్నీ యూనిఫాములే. చంద్రకాంత్‌ను అననేల, ఈ మనిషిని చూస్తే ఐలన్న కూడా అదే అడిగేవాడు.

బజారులో దుకాణం తెరిచేదాకా నిలబడి, ఆకుపచ్చ గళ్ల చొక్కా ఒకటి కొని అక్కడే తొడుక్కున్నాడు. గుట్ట దగ్గర కారు ఆపాడు. ఎండలో ఆపాడు, కావాలనే. అద్దాల దిక్కు చూడకుండా గేటు దగ్గరికి నడిచాడు.

"ఒక టికెట్ ఇయ్యి చంద్రకాంతూ."

"ఎవరికన్నా?"

"నాకే."

చంద్రకాంత్ నవ్వాడు. ఐలన్న నవ్వకపోయేసరికి తనూ ఆపేశాడు. "డ్రైవర్లకు టికెట్ ఏందన్నా? లోపలికే పోవద్దాయె. బోర్డు నీకు తెల్వదా?"

"నేను డ్రైవర్ను కాదు. రిటైరైన."

"మరి కారు ఎవరు నడిపిండ్రు?"

"నేనే."

"మరి గదే గదా!"

"ఏది గదే? నడిపింది నేను. ఎనుక కూసున్నది గూడ నేనే అనుకో. ఇప్పుడు దిగి నీ ముంగట నిలబడ్డ. దిగినోనికి టికెట్ ఇస్తవా, నడిపినోన్ని ఆపుతవా?"

చంద్రకాంత్ బుర్ర గోక్కున్నాడు. "నిన్నటి సార్లేరి?"

"నిన్న గూడ సార్లెవ్వరు లేరు. అబద్ధం జెప్పిన."

"అవ్వో! మరి పొద్దుందాక షెడ్డుల కూసుంటివి గద?"

"కూసున్న. ఇరవై ఆరేండ్లు కూసున్నోనికి ఒక్క పూట ఎక్కువైతదా?"

చంద్రకాంత్ బోర్డు దిక్కు చూశాడు, షెడ్డు దిక్కు చూశాడు. టికెట్ చించి చేతిలో పెట్టాడు. "గా బోర్డు నేను పెట్టింది కాదన్నా. ఎన్నడో ఒక పెద్దసారు కారు దిగి చూస్తే డ్రైవర్ లేడట. గా కోపానికి పెట్టిచ్చిండు. సారు పోయిండు, బోర్డు ఉన్నది. పో, మంచిగ చూడు."

ముప్పై రెండు మెట్లు. పైకి చేరాక ఐలన్న ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. భయమేమీ లేదు. ఇక్కడి ఇటుక ఇటుకా అతనికి నోటికి వచ్చు. పైకి రాగానే ఎడమకు స్తూపం, కుడికి గదులు. కూతురితో అన్న మాట నిలబెట్టుకుందామని నిజంగానే కళ్లు మూసుకుని, ఎడమ దిక్కు ఇరవై అడుగులు వేసి, చెయ్యి చాచి, "ఇగో, స్తూపం!" అన్నాడు.

ఎవరో పకపక నవ్వారు. కళ్లు తెరిచాడు. ఎదురుగా మోకాలెత్తు ఇటుక గోడలు, గోడల మధ్య చిన్నచిన్న గదులు. ఒక గదిలో గడ్డి పీకుతున్న బీరమ్మ కొడవలి పట్టుకుని నవ్వుతోంది. గుట్ట మీద ఊడ్చేది, గడ్డి తీసేది ఆమే. షెడ్డులో కుండ నింపేది కూడా ఆమే కాబట్టి మనిషిని గుర్తుపట్టింది.

"ఏందన్నా, కండ్లు మూసుకోని ఆటాడుతున్నవా? స్తూపం ఆ దిక్కు!" అని అతని వెనక్కి చూపించింది.

ఐలన్న తిరిగి చూశాడు. మెట్లకు కుడిపక్కన, ఎర్రటి ఇటుకలతో గుండ్రంగా, ఇంత పెద్ద దిబ్బ. అతను చెప్పినంత వెడల్పూ ఉంది, చెప్పినన్ని వరసలూ ఉన్నాయి. కానీ అటుంది.

"ఎప్పటిసంది అటున్నదమ్మా?" అని అడిగాడు. అడిగాక తనకే సిగ్గేసింది.

"నేను కాపురానికి వచ్చినప్పటిసంది అటే ఉన్నది. నువ్వేమన్న జరిపినవా?"

ఒక గోడ మీద కూలబడ్డాడు. మోరీ చూశాడు, అదీ ఉల్టా. నీళ్లతొట్టి చూశాడు, అదీ ఉల్టా. ఒక్కటీ తప్పు లేదు, అన్నీ తారుమారు. ఇదెట్లయింది? చెప్పింది ప్రొఫెసర్ సారు. తెల్లజుట్టు సారు, ఏటేటా వానలు వెనకబట్టాక బయటిదేశం వాళ్లను వెంటబెట్టుకుని వచ్చేవాడు. ఎప్పుడూ ముందు సీటే. ఆయన మోకాలు తగలకుండా గేరు మార్చడం ఒక పని. చేతులతో గాలిలో గుట్టంతా కట్టేవాడు: "ఇటు స్తూపం, అటు గదులు..."

గోడ మీద కూర్చున్న ఐలన్న చేతులు స్టీరింగు పట్టుకున్నట్టు చాచాడు. ఎడమపక్క సీట్లో సారు. ఆయన మాట్లాడేది వెనక సీటు వాళ్లతో. కాబట్టి నడుము తిప్పి, వెనక్కి...

బీరమ్మ కొడవలి ఆపి చూస్తోంది. ఐలన్న లేచి, సారు లెక్కనే నడుము తిప్పి, వెనక్కి మళ్లి కుడిచెయ్యి చాచాడు. ఆ చెయ్యి కారుకు ఎడమ దిక్కు పోయింది.

"ఓరి నీ... ఆయన వాళ్ల దిక్కు తిరిగి చెప్పిండు బీరమ్మా! నేను రోడ్డు దిక్కు చూసుకుంట విన్న!"

ఆమెకు సగమే అర్థమైంది. అయినా అతను నవ్వుతుంటే తనూ నవ్వింది. ఐలన్న కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. భానూరు భానూరంతటికీ గుట్టను తిరగేసి చూపించాడు, ఒక్కడూ కాదనలేదు!

నవ్వు అయిపోయాక కోపం వచ్చింది. బాగా వచ్చింది. పైనుంచి చూస్తే రేకుల షెడ్డు కాళ్ల కిందే ఉంది. అక్కడినుంచి ఇక్కడికి ముప్పై రెండు మెట్లు. ఒక్క పావుగంట. ఇన్నేళ్లలో ఒక్క పావుగంట, 'ఐలయ్యా, నువ్వు గూడ రా' అని ఒక్కరు అనలేదు. మంచివాళ్లే. టీ తాగినవా అని అడిగేవాళ్లు, పిల్లల చదువులు అడిగేవాళ్లు. రమ్మని మాత్రం ఎవరికీ తట్టలేదు. తనకు మాత్రం తట్టిందా? ఒక్కసారైనా నేనూ వస్త సార్ అని అడిగాడా? అడగలేదు. ఇంటికి పోయి చూసినట్టు చెప్పుకున్నాడు.

ఆ తర్వాత తీరుబడిగా చూశాడు. ఇటుకలు చేత్తో తడిమాడు, స్తూపం చుట్టూ మూడుసార్లు తిరిగాడు, మోరీలో బీరమ్మ బిందెతో నీళ్లు పోయించి అవి తొట్టి దాకా పోతాయా లేదా చూశాడు. పోయాయి. ఒక గదిలోకి దిగి వెల్లకిలా పడుకున్నాడు. కాళ్లు చాపితే తల గోడకు తగిలింది.

"గింత గదిల ఎట్లుండిండ్రన్నా ఏండ్లకేండ్లు?" అంది బీరమ్మ.

"ఏండ్లకేండ్లు ఎందుకుంటరు? వానకాలం ఒక్కటే. మిగిలిన దినాలన్ని తొవ్వ మీదనే, నడుసుకుంట పోవుడే. సారు చెప్పిండు," అన్నాడు ఐలన్న పడుకునే. అది మాత్రం ఉల్టా అయ్యే సంగతి కాదు.

ఆ సాయంత్రం భానూరులో చెప్పులు విప్పకముందే మొగులమ్మకు అంతా చెప్పేశాడు. ఆమె చిక్కుడుకాయలు తుంపుతూ వింది. గళ్ల చొక్కాను ఒకసారి, మొహాన్ని ఒకసారి చూసింది.

"అంటే ఇరవై ఆరేండ్లసంది నాకు గూడ అబద్ధమే చెప్పినవన్నట్టు."

"చెప్పిన."

"ముసలోడా, నీ నోట్లె మన్నువొయ్య! మా అక్క కొడుకు పెండ్లిల గంటసేపు చెప్తివి గదా, నేను పక్కనే కూసోని మురిసిపోతి!" ఒక చిక్కుడుకాయ అతని మీదికి విసిరింది. ఇంకొకటి తుంపుతూ గొంతు తగ్గించింది. "సరే, ఇప్పుడైతె చూసినవ్ గద. కుడి ఏదో ఎడమ ఏదో ఎరుకైంది. రేపు మంచిగ చూపెట్టు, నోరు మూసుకో. ఎవ్వనికి తెల్వదు. బిడ్డ ముంగట ఇజ్జత్ తీసుకోకు."

ఆమె చెప్పింది తెలివైన మాట. ఐలన్న నీళ్లు తాగాడు, మొహం కడుక్కున్నాడు, వచ్చి ఆమె ఎదురుగా కూర్చుని తనూ నాలుగు కాయలు తుంపాడు.

"నేను చూసిన అని చెప్పుకుంటే, గా బోర్డు పెట్టినోడు ఏం తప్పు చెయ్యనట్టే అయితది మొగులమ్మా."

"నువ్వు చెప్తే బోర్డు తీసేస్తరా?"

"తియ్యరు. గని నేను దానికి వత్తాసు పలికినట్టయితది."

"నీ ఇష్టం. బిడ్డ ఏడిస్తే మాత్రం నా తానికి రావద్దు," అంది ఆమె, పీచు తియ్యని కాయలను అతని చేతిలోంచి లాక్కుంటూ.

శనివారం పదిన్నరకు బడి బస్సు వచ్చింది. నలభై మంది పిల్లలు గోలగోలగా దిగారు. డ్రైవర్ యాదన్న యాభై దాటినవాడు, ఐలన్నను దూరంనుంచే చూసి చెయ్యెత్తాడు. బస్సును వెనక్కి తీసి, ముక్కు రోడ్డు వైపు పెట్టి, దిగి అద్దం తుడిచి, షెడ్డులోకి పోయి తిన్నె మీద కూర్చున్నాడు. ఐలన్న అదంతా చూస్తూ నిలబడ్డాడు. ఒక్క అడుగు కూడా తేడా లేదు.

అరుణ పిల్లలను వరసలో నిలబెట్టింది. "వీళ్లు మా నాయిన. ఈ గుట్టను వందసార్లు చూసిండ్రు. ఏమడిగినా చెప్తరు. నమస్తే పెట్టండి."

"నమస్తే తాతా!"

"నమస్తే బిడ్డలూ. మీ టీచర్ చెప్పిన దాంట్ల ఒక్క తప్పున్నది. తప్పు ఆమెది కాదు, నాది." గేటు దిక్కు చెయ్యి చూపించాడు. "వందసార్లు వచ్చిన. లోపలికి పోయింది మొన్నటిదాంక లేదు. నిన్న పోయిన, ఒక్కసారి. మిగిలిన కథలన్ని ఇనుకున్నయే."

అరుణ మొహం ఎర్రబడింది. తండ్రిని చూసింది. అతను చూపు తిప్పుకోలేదు.

ముందు వరసలోని నిషిత అనే పిల్ల చెయ్యెత్తింది. "మరి వందసార్లు వచ్చి ఏం చేసినవ్ తాతా?"

"గాడ కూసున్న," అని షెడ్డు చూపించాడు ఐలన్న.

నలభై తలలూ షెడ్డు దిక్కు తిరిగాయి. యాదన్న గాభరాగా లేచి నిలబడ్డాడు. "ఏంది? బండి తియ్యాల్నా?" అని కేకేశాడు.

అరుణ ఒక్కో అక్షరం కూడబలుక్కున్నట్టు నీలం బోర్డు చదివింది. చిన్నప్పటినుంచీ ఆమెకు ఆ గుట్ట కథ చెబుతూ అన్నం తినిపించిన మనిషి, ఆ బోర్డు కిందనే నిలబడి ఉన్నాడు. ఆమె కళ్లు నిండాయి. "నాకన్న చెప్పొద్దా నాయినా," అని మెల్లగా అంది. తర్వాత ముక్కు తుడుచుకుని, టికెట్ కిటికీ దగ్గరికి పోయి, "ఇంకొకటి ఇయ్యండన్నా," అంది. చంద్రకాంత్ ఎవరికి అని అడగలేదు.

ఐలన్న ఆ టికెట్ తీసుకుని షెడ్డు దగ్గరికి నడిచాడు. "యాదన్నా, బస్సుకు తాళమెయ్యి. నడువు."

"యాడికి?"

"లోపలికి."

యాదన్న బోర్డును చూశాడు, బస్సును చూశాడు. "బండి ఎట్లన్నా?"

"బండి యాడికి పోతది? నువ్వు లేంది అది కదుల్తదా? రా."

పైకి చేరాక పిల్లలు ఐలన్న చుట్టూ మూగారు. వాళ్లకు ఎదురుగా నిలబడి, స్తూపం చూపించడానికి చెయ్యెత్తబోయి ఆగాడు. దించేశాడు.

"ఆగుండ్రి, ఆగుండ్రి. గిట్ల చెప్తే మీరు గూడ నా లెక్కనే ఖరాబైతరు," అంటూ వెనక్కి తిరిగి, వాళ్లు చూస్తున్న దిక్కే తనూ చూస్తూ నిలబడ్డాడు. "ఇగ అందరం ఒక్క దిక్కే ఉన్నం. మీ కుడిచెయ్యి ఎత్తుండ్రి. మీ చెయ్యి ఎటున్నదో, స్తూపం అటున్నది."

నలభై చేతులు లేచాయి. అన్నిటికంటే వెనక, తుడిచే గుడ్డ ఇంకా పట్టుకునే ఉన్న చేతిని యాదన్న కూడా ఎత్తాడు.